నర్సింగు చదువుకు తొలి అడుగు పదో తరగతిలోనే

ఏటా ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే మా బడి గడప తొక్కే తల్లిదండ్రులు ఎక్కువవుతారు. చేతిలో మార్కుల మెమో, పక్కన తలవంచుకుని నిలబడ్డ అమ్మాయి. “మౌల్వీ సాబ్, బిడ్డను నర్సింగులో వేద్దామనుకుంటున్నాం, ఎక్కడ దరఖాస్తు పెట్టమంటారు?” అని అడుగుతారు. మేము తిరిగి అడిగేది ఒకటే: ఇంటర్‌లో ఏ గ్రూపు? చాలామంది చెప్పే జవాబు సి.ఇ.సి. లేదా హెచ్.ఇ.సి. ఆడపిల్లకు ఆ గ్రూపు చాలని అప్పట్లో అనుకున్నారు, ఊళ్లోని కాలేజీలో అదే ఉంది, ల్యాబులూ ట్యూషన్లూ ఖర్చని భయపడ్డారు. అలా తీసుకున్న నిర్ణయంతోనే నాలుగేళ్ల డిగ్రీ నర్సింగు తలుపు రెండేళ్ల క్రితమే మూసుకుపోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

అందుకే ఈ వారం ఈ విషయాన్ని పదో తరగతి చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు చెప్పదలచుకున్నాం.

ముందుగా మనసులోని జంకు గురించి ఒక మాట. మన ఇంట్లో కోడలికి నొప్పులు వస్తే ఆసుపత్రిలో ఆడమనిషే చూడాలని పట్టుబడతాం. సూది వేయడానికి మగ కాంపౌండర్ వస్తే ముఖం చిట్లిస్తాం. మరి ఆ ఆడమనిషి ఏ ఇంటి నుంచి రావాలి? రోగిని పరామర్శించే ఇయాదత్ మనకు బాగా తెలుసు. మంచం పక్కన కూర్చుని సేవచేసే తీమార్‌దారీని మాత్రం ఇతరులకు వదిలేశాం. దైవప్రవక్త (స) కాలంలో అలా లేదు. క్రీ.శ. 627లో జరిగిన కందకం యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి)ను మస్జిదె నబవీలో వేసిన గుడారంలో ఉంచారు. అక్కడ క్షతగాత్రులకు సేవ చేసినది రుఫైదా (రజి) అనే మహిళ అని చరిత్రకారులు రాశారు. యుద్ధభూమిలో గాయపడినవారికి తాము నీళ్లిచ్చి చికిత్స చేసేవాళ్లమని హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పిన రివాయత్ సహీహ్ బుఖారీలో ఉంది.

అయితే తీపి మాటలు చెప్పి ఎవరినీ తోయదలచుకోలేదు. నర్సింగులో రాత్రి డ్యూటీ తప్పదు. మగవారి వార్డులోనూ శిక్షణ పొందాలి. ఆపరేషన్ థియేటర్‌లో మోచేతుల పైదాకా చేతులు కడగాలి కనుక పొడుగు చేతుల చొక్కాతో కుదరదు. రంజాన్‌లో రోజా ఉండి డ్యూటీ చేయాల్సి రావచ్చు. పాతకాలపు గౌను, టోపీ చాలాచోట్ల పోయి సల్వార్ కమీజో, ప్యాంటూ ట్యూనిక్కో వచ్చాయి. తలకు స్కార్ఫ్ కట్టుకోనిస్తారా లేదా అన్నది కాలేజీని బట్టి ఉంటుంది. ఇవన్నీ చేరకముందే ఇంట్లో కూర్చుని, అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడుకోవాలి. రెండో ఏడాది నైట్ డ్యూటీ వేసిన రోజున తండ్రి వెళ్లి బిడ్డను వెనక్కి తీసుకువచ్చిన ఇళ్లను మేము చూశాం. కట్టిన ఫీజు పోయింది, మరో పిల్లకు దక్కవలసిన సీటూ వృథా అయింది.

ఇక చదువుల సంగతి. నర్సింగులో మూడు మెట్లున్నాయి. ఏ.ఎన్.ఎం. రెండేళ్లు, జి.ఎన్.ఎం. మూడేళ్లు, బి.ఎస్సీ. నర్సింగు నాలుగేళ్లు. మొదటి రెండింటికి ఇంటర్‌లో ఏ గ్రూపు వారైనా అర్హులే. జి.ఎన్.ఎం.కు ఇంగ్లిష్‌తో సహా నలభై శాతం మార్కులు అడుగుతారు, సైన్సు చదివిన వారికి మొగ్గు ఉంటుంది. బి.ఎస్సీ.కి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండి తీరాలి. సైన్సు సబ్జెక్టులలో కలిపి నలభై అయిదు శాతం రావాలి. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి పదిహేడేళ్లు నిండాలి. సి.ఇ.సి. చదివిన అమ్మాయికి జి.ఎన్.ఎం. దారి ఉంది కనుక నిరాశ అక్కర్లేదు. ఆ తరువాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సు చేసి డిగ్రీ అందుకోవచ్చు. కాని ఒక్క గ్రూపు ఎంపికతో దగ్గరయ్యే దారిని చుట్టుదారి చేసుకోవడం దేనికి? ఏ.ఎన్.ఎం. ఆడపిల్లలకే పరిమితం. మిగతా రెండింటిలో అబ్బాయిలూ చేరవచ్చు, ఇప్పుడు చేరుతున్నారు కూడా.

మదర్సాలలో ఆలిమా కోర్సు చదివే ఆడపిల్లల విషయం మాకు ప్రత్యేకంగా మనసుకు దగ్గరిది. వాళ్లకు ఇంటర్ సర్టిఫికెట్ లేదని ఈ చదువు తమది కాదనుకుంటారు. అది నిజం కాదు. ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి, ఆ తరువాత సైన్సు సబ్జెక్టులూ ఇంగ్లిషూ తీసుకుని ఇంటర్ పాసైన వారిని కూడా ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బి.ఎస్సీ.కి అర్హులుగానే గుర్తిస్తుంది. జాతీయ ఓపెన్ స్కూలుకైనా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న రాష్ట్ర ఓపెన్ స్కూలుకైనా ఇదే వర్తిస్తుంది. ఓపెన్ స్కూలంటే సులువుగా ఉంటుందని తేలిక సబ్జెక్టులు ఏరుకుంటే మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది.

తారీకుల దగ్గర మరో చిక్కు ఉంది. తెలంగాణలో బి.ఎస్సీ. నర్సింగు కన్వీనర్ సీట్లను 2022 నుంచి ఎంసెట్ ర్యాంకు చూసి ఇస్తున్నారు. దాని ఇప్పటి పేరు ఈఏపీసెట్. కౌన్సెలింగ్ జరిపేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఈ పరీక్షకు దరఖాస్తులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలై, ఆలస్య రుసుము లేని గడువు ఏప్రిల్ మొదటి వారంలోనే ముగిసిపోతోంది. ఇంటర్ ఫలితాలు ఆ తరువాత వస్తాయి. అంటే ఫలితం చూసుకుని ఆలోచిద్దామనుకున్న ఇల్లు అప్పటికే వెనకబడి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ వారు విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటన చూసుకోవాలి, ఆ ఏడాది ఏ పరీక్ష, ఏ గడువు అన్నది అందులోనే ఉంటుంది. పక్కింటి వారు నిరుడు ఎలా చేరారో అడిగి అలాగే చేద్దామనుకోవడం ఈ విషయంలో పనికిరాదు.

కాగితాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మన పిల్లలు సీటు దాకా వచ్చి తడబడేది ఇక్కడే.

మొదటిది పేరు. బడి రిజిస్టరులో రేష్మా, ఆధార్‌లో షేక్ రేష్మా, పదో తరగతి మెమోలో ఎస్.కె. రేష్మా, రేషను కార్డులో రేష్మా బేగం. నలుగురూ ఒకరే అని మనకు తెలుసు. సర్టిఫికెట్లు పరిశీలించే గుమాస్తాకు తెలియదు. తండ్రి పేరూ అంతే. ఒకచోట మహమ్మద్ అని పూర్తిగా, మరోచోట ఎం.డి. అని రెండక్షరాలుగా ఉంటుంది. తరువాతి చదువులన్నింటికీ పదో తరగతి మెమోనే పునాది. ఆ మెమోలో పేరు, పుట్టిన తేదీ బడి నుంచి వెళ్లే నామినల్ రోల్ ప్రకారం వస్తాయి. కనుక నామినల్ రోల్ పంపకముందే బడికి వెళ్లి, ఆధార్ పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం సరిచూసుకోండి. అప్పుడు అయిదు నిమిషాల పని. మెమో అచ్చయ్యాక అదే పని నెలల తరబడి తిరుగుడు.

రెండోది కుల ధ్రువపత్రం. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 2007 నాటి చట్టం ద్వారా వచ్చిన నాలుగు శాతం బి.సి.-ఇ రిజర్వేషన్, 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతోంది. షేక్‌లు ఇందులోకి వస్తారు. దూదేకుల, నూర్‌బాషా వారు బి.సి.-బి కిందికి వస్తారు, వారు బి.సి.-ఇ అని రాస్తే తిరస్కరణే. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వారు బి.సి.-ఇ జాబితాలో లేరు. అయితే కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి, మిగతా షరతులూ సరిపోతే ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రం తీసుకోవచ్చు. సయ్యద్ కుటుంబాలలో ఈ సంగతి తెలియక అందరితోపాటు ఓపెన్ కోటాలోనే పోటీపడుతున్న పిల్లలను మేము ఎందరినో చూశాం.

మూడోది స్టడీ సర్టిఫికెట్లు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడాది ఎక్కడ చదివిందీ చూపాలి. మధ్యలో మదర్సాలో గడిపిన ఏళ్లుంటే ఆ ఖాళీని తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రంతో నింపుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం, టి.సి. సంగతి అందరికీ తెలిసినవే.

చదువులో సన్నాహం ఎలా అంటారా? కాలేజీలో బోధన అంతా ఇంగ్లిష్‌లోనే. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం పిల్లలు మొదటి ఆరు నెలలు బెదిరేది దీనికే. ఇంటర్ రెండో సంవత్సరం జువాలజీలో జీర్ణక్రియ, శ్వాసక్రియ, రక్తప్రసరణ, విసర్జన, నాడీ వ్యవస్థ పాఠాలున్నాయి. నర్సింగు మొదటి ఏడాది చదివే అనాటమీ, ఫిజియాలజీలకు మూలం అదే. వాటిని ఎంసెట్ బిట్ల కోసం బట్టీ పట్టకుండా, బొమ్మ గీసుకుని, ఇంగ్లిష్ పేర్లతో అర్థం చేసుకున్న పిల్లకు కాలేజీలో సగం భారం తగ్గుతుంది.

లెక్కలూ కావాలి. అయిదు మిల్లీలీటర్లలో అయిదు వందల మిల్లీగ్రాముల మందు ఉంది, డాక్టరు మూడు వందల యాభై ఇవ్వమన్నాడు, సిరంజిలోకి ఎంత తీయాలి? మూడున్నర మిల్లీలీటర్లు. ఇక్కడ దశాంశ బిందువు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. మదర్సాలో ఫరాయిజ్ పాఠం చదివి, భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు అని ఆస్తి పంపకాలు చేసిన ఆలిమా అమ్మాయికి ఈ లెక్క కష్టమేమీ కాదు. భిన్నాలతో ఆమెకు పాత స్నేహమే.

కాలేజీ ఎంపికలో భవనం చూసి మోసపోవద్దు. ఆసుపత్రిని చూడండి. నర్సింగు నల్లబల్ల మీద వచ్చే విద్య కాదు, రోగి మంచం దగ్గర వచ్చే విద్య. మాకు తెలిసిన ఒక తండ్రి, ఏజెంటు మాట నమ్మి పొరుగు రాష్ట్రంలోని ఒక కాలేజీలో కూతురిని చేర్చారు. నాలుగంతస్తుల మేడ, రంగు రంగుల బ్రోచరు. ఆసుపత్రి మాత్రం లేదు. నెలకు మూడు నాలుగు రోజులు పిల్లలను బస్సులో ఎక్కించి ఎక్కడికో తీసుకువెళ్లి వరండాలో నిలబెట్టేవారు. ఇక లాభం లేదని మానిపిస్తామంటే, మిగిలిన ఏళ్ల ఫీజు కూడా కడితేనే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. చివరికి ఆటో అమ్మి కట్టారు.

కనుక డబ్బు కట్టకముందే నాలుగు మాటలు అడగండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో కాలేజీ పేరు ఈ ఏడాదికి ఉందా? సొంత ఆసుపత్రి ఉందా, అందులో వంద పడకలకు రోగులు నిజంగా ఉన్నారా? రాత్రి డ్యూటీకి హాస్టల్ నుంచి ఎవరు తీసుకువెళతారు? పాసైనవారి పేర్లు కౌన్సిల్‌లో రిజిస్టరయ్యాయా? రిజిస్ట్రేషన్ లేని నర్సింగు సర్టిఫికెట్‌కు ఉద్యోగ బజారులో విలువ లేదు. వీలైతే సాయంత్రం వేళ చెప్పకుండా వెళ్లి ఆసుపత్రి వార్డులో ఒక చుట్టు తిరిగి రండి. బ్రోచరు చెప్పనివి అక్కడ కనిపిస్తాయి.

ఫీజు విషయంలో, తెలంగాణలో ఈపాస్ ద్వారా వచ్చే రీయింబర్స్‌మెంట్‌కు మైనారిటీ కుటుంబాల ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే అది రాదు, ఏజెంట్లు ఈ ముక్క చెప్పరు. నీట్ రాసే చురుకైన అమ్మాయిలకు సైన్యం వారి బి.ఎస్సీ. నర్సింగు ఉంది. పుణేలోని ఎ.ఎఫ్.ఎం.సి.తో సహా ఆరు కాలేజీలలో 220 సీట్లు, అవివాహితలు దరఖాస్తు చేసుకోవచ్చు, చదువు ఖర్చు ప్రభుత్వానిదే, బదులుగా సైన్యంలో సేవ చేయాలి. మన ఇళ్లలో ఈ దరఖాస్తు ఫారం పేరు విన్నవారే తక్కువ.

ఉద్యోగాలు లేవన్న మాట కూడా సరికాదు. తెలంగాణ ప్రభుత్వం 2024 జనవరి 31న దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చింది. గల్ఫ్ ఆశ ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మోసాలు పెరగడంతో కేంద్రం 2015లో గల్ఫ్‌తో సహా 18 దేశాలకు వెళ్లే నర్సులకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరి చేసి, ప్రభుత్వ సంస్థల ద్వారా వెళ్లాలన్న నిబంధన తెచ్చింది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అలాంటి సంస్థలు. కోర్సు పూర్తికాగానే వీసా ఇప్పిస్తానని వచ్చేవాడికి అడ్వాన్సు ఇవ్వవద్దు, ఆ దేశాల లైసెన్సు పరీక్షకు ముందు సాధారణంగా ఆసుపత్రి అనుభవం అడుగుతారు.

సీటు ఖాయమైన వారు చేరే రోజు దాకా ఖాళీగా కూర్చోవద్దు. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు, మొదటిది వేయించుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వార్డులో సూదులతో, రక్తంతో పని మొదలయ్యేసరికి కనీసం రెండు మోతాదులైనా పూర్తయి ఉండాలంటే మొదటి టీకా కౌన్సెలింగ్ వారంలోనే వేయించండి, ఆ చీటీని సర్టిఫికెట్ల ఫైలులోనే భద్రపరచండి.