సెట్ టాప్ బాక్సు వంశచరిత్రము

పోర్ట్ బ్లెయిర్ అని మనకు చిరకాలముగా తెలిసి, 2024లో శ్రీ విజయపురమను నామాంతరము పొందిన పట్టణమున డైరీ ఫార్మ్ అను పేట యొకటి గలదు. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ దీవుల వాసులలో సుమారు 13 శాతము తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళ విశాఖ మండలముల నుండి తాతలనాడో తండ్రులనాడో ఓడలెక్కి వచ్చినవారి సంతతి వీరిలో చాలమంది. ఇట్టి పేటలో ఒక యింటికి పెద్ద టెలివిజన్ వచ్చిన మరునాడు కేబుల్ ఆయనకు ఆ యింటి గృహిణి నుండి ఎదురగు ప్రశ్న యొక్కటే: "ఇంత డబ్బు పోసి కొన్నాం కదా బాబూ, బొమ్మ పాతదానికన్నా మసగ్గా ఉందేంటి?"

ప్రశ్న న్యాయమైనదే. కాని దోషము టెలివిజన్‌ది కాదు. గోడమీది ఆ గాజుపలక తనంతట తాను బొమ్మను సృజింపజాలదు. దాని వెనుక మేకునకు వ్రేలాడు నల్లని చిన్నపెట్టె యేమి అందించునో దానినే చూపును. ఆ పెట్టె పుట్టుపూర్వోత్తరములు తెలిసినగాని ఆ గృహిణికి సరియైన సమాధానము దొరకదు.

కేబుల్ టెలివిజన్ కొండలు అడ్డుపడుటవలన పుట్టినది. 1948లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున మహనాయ్ సిటీ అను గనుల పట్టణమునందు జాన్ వాల్సన్ అను వర్తకుడు టెలివిజన్ పెట్టెలు అమ్మజూచెననియు, ఫిలడెల్ఫియా ప్రసారములను కొండలు అడ్డగించుటచే కొనువారు లేక, కొండకొమ్మున ఆంటెన్నా నాటి అచ్చటినుండి తన దుకాణమునకును ఇరుగుపొరుగిండ్లకును తీగ లాగెననియు చెప్పుకొందురు. ఆ కాలమున అమెరికా టెలివిజన్లు 2 మొదలు 13 వఱకు గల ఛానళ్లను మాత్రమే పట్టగలిగెడివి. కాలక్రమమున కేబుల్ అంతకు మించిన ఛానళ్లు మోయసాగినపుడు వాటిని టెలివిజన్‌కు అర్థమగు స్థానమునకు మార్చియిచ్చు పెట్టె యొకటి కావలసివచ్చి, అది టెలివిజన్ నెత్తిన కూర్చుండెను. నేటి టెలివిజన్‌కు కూర్చుండుటకు తగిన నెత్తియే లేదు గనుక పాపము అది గోడ పట్టినది.

స్పష్టదృశ్యపు, అనగా హెచ్.డి. బొమ్మ, కథ వేరొక చోట మొదలైనది. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడల అనంతరము జపాను ప్రసారసంస్థ ఎన్.హెచ్.కె. ఇంజనీర్లు సినిమాతెర పాటి సూక్ష్మత గల టెలివిజన్‌ను గూర్చి పరిశోధన ప్రారంభించి, కాలక్రమమున 1125 గీతల బొమ్మను సాధించిరి. బొమ్మ అద్భుతము, మోయుటయే దుర్భరము. నేటి లెక్కలోనే చూతము: పాత తరహా డిజిటల్ బొమ్మలో 720 నిలువు వరుసలు, 576 అడ్డువరుసలు, వెరసి 4,14,720 చుక్కలు. హెచ్.డి. బొమ్మలో 1920, 1080 చొప్పున 20,73,600, అనగా సరిగా అయిదింతలు. ఒక్కొక్క చుక్కకు మూడు రంగులకై 24 బిట్లు, సెకండునకు 25 బొమ్మలు అనుకొన్నచో సెకండునకు 124 కోట్ల పైచిలుకు బిట్లు. ఒక కేబుల్ ఛానల్‌కు కేటాయించు 8 మెగాహెర్ట్జుల దారిలో పోగలిగినవి సుమారు 3 కోట్ల 80 లక్షలు మాత్రమే. జపానువారు అనలాగ్ పద్ధతినే కుదించి చూచిరి. 1990లో అమెరికాలోని జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ, పూర్తిగా డిజిటల్ చేసినచో హెచ్.డి. బొమ్మ సాధారణ ఛానల్‌లోనే ఇమిడిపోవునని ప్రతిపాదించుటతో ఆ అనలాగ్ మార్గమునకు కాలము చెల్లినది.

ఇముడ్చుటకు ఆధారమైన గణితము అప్పటికి పదునారేండ్ల క్రిందటనే అచ్చయి యుండెను. 1974 జనవరిలో ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థవారి 'ట్రాన్సాక్షన్స్ ఆన్ కంప్యూటర్స్' పత్రికలో 'డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్' అను చిన్న వ్యాసము వెలువడినది. కర్తలు ముగ్గురు: బెంగుళూరున జన్మించిన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, పేరులోనే తెలుగుదనము తొణికిసలాడు కామిశెట్టి రామమోహనరావు. రావుగారు 1952లో మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టము పొంది, అమెరికాకు పోయి, 1966 నుండి ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. ఈ పరిశోధనకై అహ్మద్ 1972లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను ధనసహాయము కోరగా వారు నిరాకరించిరి. భావము మరీ సులభముగా కనబడినదట! సులభమైనదానికి విలువ కట్టుట విద్వత్సంఘములకు ఏనాడును కష్టమే.

ఆ భావమిది. బొమ్మను ఎనిమిదింటికెనిమిది చుక్కల గళ్లుగా కోయుదురు. గడికి 64 చుక్కలు. ఆ చుక్కల వెలుగును ఉన్నదున్నట్లు పంపక, 64 రకముల కొసైన్ అలలు ఏయే పాళ్లలో కలిసినచో ఆ గడి యేర్పడునో లెక్కగట్టుదురు. మొదటి అంకె గడి మొత్తపు వెలుగు. తరువాతి అంకెలు నెమ్మదిగా మారు ఛాయలు. చిట్టచివరివి అతిసూక్ష్మమైన గరుకుదనము. నీలాకాశమో, గోడయో, చెంపయో ఆ గడిలో నున్నచో చివరి అంకెలన్నియు ఇంచుమించు సున్నలే. మన కన్ను సూక్ష్మమైన గరుకుదనమునందు చిన్న చిన్న తేడాలను గుర్తింపజాలదు గనుక మిగిలినవానిలోను కొన్నిటిని సున్న చేసివేయుదురు. విశాఖలో ఓడ యెక్కబోవు మనిషి పెట్టె సర్దుకొనునపుడు అక్కడ దొరకునవి మాని ఊరగాయ జాడీకి చోటు చేసినట్లు, అక్కరలేనిది విడిచి కన్ను అడుగునది మాత్రమే మూట గట్టుదురు. దీనికి తోడు ముందు బొమ్మకును వెనుక బొమ్మకును గల భేదమును మాత్రమే పంపు యుక్తి కలిసి, 124 కోట్లు కోటికి లోపుగా దిగివచ్చును. అందువలననే ఒక ఛానల్ దారిలో నాలుగైదు హెచ్.డి. ఛానళ్లు పక్కపక్కన సాగిపోవును.

ఈ మూట డైరీ ఫార్మ్ చేరుటకు ఆకాశమార్గము పట్టవలెను. కేబుల్‌వారి డిష్‌లు భూమధ్యరేఖపై సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచియున్న ఉపగ్రహముల నుండి దానిని అందుకొనును. శ్రీ విజయపురము తూర్పు రేఖాంశము 92.7 ప్రాంతమున నుండుటచే, 93.5 డిగ్రీల వద్ద నున్న భారతీయ ఉపగ్రహములు ఆ ఊరివారికి దాదాపు నడినెత్తిన, క్షితిజము నుండి 76 డిగ్రీల యెత్తున నుండును. ఆ దిక్కునకు త్రిప్పిన పెద్ద డిష్ ఆకాశమునకు దోసిలి పట్టి యుండును. అడుగున రంధ్రము లేనిచో అండమాన్ వానకు నిండిపోవును. ఇంటికప్పు మీది చిన్న డిష్‌లు వాడు కు-బ్యాండు తరంగములను జడివాన మింగివేయును. కేబుల్‌వారి పెద్ద డిష్‌లు పట్టు సి-బ్యాండు తరంగములు పొడుగైనవగుటచే వాన వాటినంతగా బాధింపదు. ఏడాదిలో సగమునకు పైగా వానలు కురియు దీవిలో ఇది అల్పలాభము కాదు.

అచ్చటినుండి ఇంటిదాక కోయాక్సియల్ తీగ. నడుమ రాగి, చుట్టును నురుగు వంటి తొడుగు, దానిపై లోహపు జాలి. ఈ నిర్మాణమునకు 1880లోనే ఆలివర్ హెవిసైడ్ పేటెంటు పొందెను. సముద్రపు గాలి ఈ తీగకు పరమశత్రువు. కనెక్టర్ వదులైనచో తేమ లోనికి దూరి నడిమి రాగికి పచ్చని చిలుము పట్టును. పాత అనలాగ్ కాలమున అట్టి తీగలో బొమ్మ చుక్కలు చుక్కలుగానైనను కనబడెడిది. డిజిటల్ బొమ్మ కొంతదూరము నిర్మలముగా వచ్చి, హఠాత్తుగా గళ్లుగళ్లుగా విరిగి, బిగిసి నిలిచిపోవును. ఆ గళ్లు రావుగారు మొదలగు మువ్వురి గణితము కోసిన గళ్ల సంతతియే. గణితము కంటికి కనబడు అరుదైన క్షణమది. దానిని చూచి రిమోట్‌ను అరచేత కొట్టుటవలన ప్రయోజనము లేదు. తీగ కొసను కోసి, చిలుము లేని రాగిని బయటికి తీసి, కనెక్టరును మరల బిగింపవలెను.

2011లో కేబుల్ చట్టమునకు జరిగిన సవరణచే దేశమంతట 2012 నుండి 2017 వఱకు దశలవారీగా డిజిటల్ పద్ధతి నిర్బంధమైనది. కేబుల్ గల ఇండ్లలో సెట్ టాప్ బాక్సు లేని ఇల్లు లేకుండ పోయినది. కాని పెట్టెలన్నియు ఒక్కటి కావు. పాత తరహా బొమ్మకు మాత్రమే తగిన ఎస్.డి. పెట్టెకు హెచ్.డి. మూటను విప్పు శక్తి లేదు. క్రొత్త పెట్టె తెచ్చిన పిమ్మట హెచ్.డి. ప్యాక్‌కు డబ్బు కట్టవలెను. అనుమతి సందేశము అదే తీగవెంట వచ్చి పెట్టెకు చేరును. కేబుల్ ఆయన "కాసేపు బాక్స్ ఆన్‌లోనే ఉంచండి పిన్నిగారూ" అనుటకు కారణమదే. ఆర్పియుంచిన పెట్టె ఆ సందేశమును వినదు.

ఇక మిగిలినది పెట్టెకును టెలివిజన్‌కును నడుమ నున్న మూరెడు తీగ. గృహిణి ప్రశ్నకు సమాధానము తఱచుగా ఇచ్చటనే చిక్కును. పసుపు ఎరుపు తెలుపు మొనల పాత తీగలనే క్రొత్త టెలివిజన్‌కు తగిలించినచో, పెట్టెలో హెచ్.డి. యున్నను, పసుపు తీగ పాత బొమ్మనే మోయగలదు. నలువదంగుళముల పలకపై సాగదీసిన ఆ బొమ్మ మసకగా నుండక యెట్లుండును? 2002లో ఏడు కంపెనీలు కలిసి నిర్ణయించిన హెచ్.డి.ఎమ్.ఐ. తీగకు 19 కొనలు. తగిలించినంతనే టెలివిజన్ తన శక్తి యెంతయో పెట్టెకు తెలుపును; అటుపిమ్మట ఇరువురును రహస్యసంకేతములు మార్చుకొందురు. ఆ సంకేతములు కుదరనిచో తెర నల్లబడును. అంతయు కుదిరినను పెట్టె సెట్టింగ్స్‌లో 576 అనియే యున్నచో ఫలితము సున్న. అచ్చట 1080 ఎన్నుకొనవలెను. ఉపగ్రహము మొదలు ఈ మెనూ వఱకు ఏ యొక్క కణుపు పాతదైనను, కొన్న టెలివిజన్ పాతదే.

2020 ఆగస్టు 10న చెన్నై నుండి అండమాన్‌కు సముద్రగర్భమున వేసిన, సుమారు 2,300 కిలోమీటర్ల పొడవు గల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ప్రారంభమైనది. అంతవఱకు ఇంటర్నెట్టునకు సైతము ఉపగ్రహమే దిక్కైన దీవికి బొమ్మ ఇప్పుడు నీటి యడుగున నుండియు వచ్చుచున్నది. 2013లో ఆమోదము పొందిన హెచ్.ఇ.వి.సి. పద్ధతి కొసైన్ గడిని ముప్పదిరెండింటికి ముప్పదిరెండు చుక్కల వఱకు పెంచినది. దానిని విప్పు చిప్పు నేటి టెలివిజన్ కడుపులోనే యుండును గనుక నల్లపెట్టె అవసరము కొన్ని యిండ్లలో తీరిపోయినది. తీసివేసితిమని గృహిణి సంతసించు లోపలనే ఫైబర్ మోడెమ్ అను తెల్లపెట్టెను కేబుల్ ఆయన అదే మేకునకు తగిలించుచున్నాడు.