ముద్ద మనది, ముక్కు చేపది

తెనాలి కాలువ గట్టున శీలావతినీ బొచ్చెనూ ఇట్టే రప్పించిన ముద్ద, నిజాంపట్నం ఉప్పుటేట్లో వేస్తే ఎందుకు తేలిపోతుంది? మైదా, తవుడు, తెలగపిండి, కాస్త బెల్లం, చిటికెడు ఇంగువ. పాళ్లు అవే, పిసికిన చేయీ అదే. తెనాలి నుంచి రేపల్లెకు రైలు మార్గం సుమారు 34 కిలోమీటర్లు. అక్కడి నుంచి సముద్రం వైపు ఇంకాస్త దిగితే కృష్ణ నీరు ఉప్పుతో కలుస్తుంది. నీరు మారితే చేప మారుతుంది. చేప మారితే, తిండి ఇదీ అని దాని ముక్కు పోల్చుకునే గుర్తులూ మారిపోతాయి.

సూర్యలంక ఒడ్డునో, నిజాంపట్నం మడ అడవుల కాలవల దగ్గరో ఆదివారం పూట సరదాకి గాలం వేసేవాళ్లు ఎర విషయంలో ఎవరి రహస్యం వాళ్లు దాచుకుంటారు. చాలా రహస్యాల సారం ఒకటే: వాసన బాగా రావాలి. మాట నిజమే. కాకపోతే ఎవరి ముక్కుకు రావాలన్నదే అసలు ప్రశ్న.

ఎర గురించి పద్ధతిగా ఆలోచించడం మనకు కొత్త కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన 'మానసోల్లాసం'లో 'మత్స్యవినోదం' పేరిట ఒక భాగమే ఉంది. చేపల రకాలు, వాటికి పెట్టాల్సిన తిండి, గాలంతో పట్టే తీరు అందులో ఉన్నాయి. జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దాన్ని శాస్త్రలోకం దృష్టికి తెచ్చారు. ఏ చేపకు ఏ తిండి అన్నది అప్పటివాళ్లూ గమనించారు. అది ఎందుకన్నది చెప్పడానికి మాత్రం రసాయనశాస్త్రం రావాల్సి వచ్చింది.

నీటిలో ముక్కు

మనకు వాసన గాలిలో వస్తుంది. అందుకే ఆవిరై లేచే పదార్థాలే మన ముక్కుకు తెలుస్తాయి. ఇంగువ ఘాటు గంధక సమ్మేళనాలది. అవి గాల్లోకి సులువుగా లేస్తాయి గానీ నీటిలో పెద్దగా కరగవు. చేప సంగతి దీనికి తలకిందులు. ఆవిరి అయ్యేదానితో దానికి పని లేదు, నీటిలో కరిగేదే కావాలి. మన ముక్కుకు ఏ వాసనా తగలని ఉప్పులాంటి తెల్లటి పొడి చేప ముక్కుకు విందు భోజనం కావచ్చు.

అలాంటి పొడులే అమైనో ఆమ్లాలు. మాంసకృత్తులు వీటితోనే తయారవుతాయి. గ్లైసిన్, అలనిన్, ప్రోలిన్, ఆర్జినిన్ వంటివి విడిగా నీటిలో కరిగి ఉంటే, దగ్గర్లో తినదగ్గది ఏదో ఉందని చేపకు కబురు అందినట్టే. చేపకు కంటి ముందు ఒక్కో పక్కన సాధారణంగా రెండేసి రంధ్రాలుంటాయి. నీరు ముందుదాంట్లో దూరి వెనకదాంట్లోంచి బయటికొస్తుంది. మధ్యలో మడతలు మడతలుగా ఉన్న పొర ఆ నీటిని పరీక్షిస్తుంది. లీటరు నీటిలో మోల్‌లో పదికోట్లవ వంతు అమైనో ఆమ్లం ఉన్నా చాలా చేపలు పసిగడతాయి. లెక్క కడితే, ఇంటి మీది వెయ్యి లీటర్ల ట్యాంకులో ముప్పావు మిల్లీగ్రాము గ్లైసిన్ వేసి కలిపినట్టు.

ముక్కు దారి చూపిస్తుంది. దగ్గరికొచ్చాక తినాలా వద్దా అన్నది రుచి తేలుస్తుంది. ఆ రుచి మొగ్గలు నోట్లోనే ఉండాలని లేదు. జెల్లకు మీసాల మీదా ఒంటి మీదా కూడా ఉంటాయి. అమెరికా మంచినీటి జెల్లల్లో ఒక రకానికి ఒంటి నిండా లక్షకు పైగా రుచి మొగ్గలున్నట్టు లెక్కించారు. మన తీరంలో దొరికే మాగకు రొమ్ము రెక్క కింద దారాల్లా నాలుగు పోగులు విడిగా వేలాడుతుంటాయి. బురదనీటిలో వాటితో తడుముతూ రుచి చూస్తుంది. ఉప్పుటేటి నీరు ఎప్పుడూ మసకే కాబట్టి అక్కడ ఇలాంటి ఏర్పాటే అక్కరకొస్తుంది.

రొయ్యలో ఏముంది?

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. అంత ఉప్పునీరు చుట్టూ ఉంటే, ఊరగాయలో ముక్క వడిలినట్టు జీవకణంలో నీరు బయటికి లాగేసుకుపోవాలి. పోకుండా ఉండాలంటే కణం లోపల కూడా ఏదో ఒకటి అంత చిక్కగా కరిగి ఉండాలి. రొయ్యలు, పీతలు, గుల్లలు, బురద పురుగులు ఇందుకోసం వాడుకునేవి గ్లైసిన్, ప్రోలిన్, టారిన్ వంటి అమైనో ఆమ్లాలు, బీటైన్. నీటి ఉప్పదనం పెరిగేకొద్దీ రొయ్య కండలో ఇవీ పెరుగుతాయి. ఉప్పునీటి రొయ్యకు ఆ తియ్యదనం ఎక్కడిదో ఇప్పుడు తెలుస్తుంది. గ్లైసిన్ తియ్యగా ఉంటుంది మరి.

ఇలాంటి జీవిని కోసినా నలిపినా ఆ సరుకంతా నీటిలోకి కారుతుంది. వాటిని తిని బతికే గొరకకూ మాగకూ జెల్లకూ తిండి ఇక్కడుందని చెప్పే గుర్తు అదే. తెనాలి ముద్ద ఉప్పుటేట్లో ఓడిపోవడానికి మొదటి కారణం ఇక్కడ దొరికింది. శీలావతీ బొచ్చే నీటిలోని నాచూ సూక్ష్మజీవులూ మేసే రకాలు. వాటికి పిండీ చెక్కా ఇష్టమే. ఉప్పునీటిలో ఆ దారికి వచ్చేవి ముఖ్యంగా మల్లెట్ జాతి కొయ్యింగలు. అవి అడుగున చేరే నాచూ కుళ్లూ తినేవి కనుక పిండిముద్దను ముడతాయి. మిగతావాటికి ముద్దలో రొయ్య ఉండాల్సిందే. పండుగప్ప దారి మరీ వేరు. కంటితోనూ, నీటి కదలికను పట్టే పార్శ్వ రేఖతోనూ వేటాడే చేప అది. కదిలే రొయ్యో చిన్న చేపో కావాలి తప్ప ఎంత మంచి ముద్దయినా దానికి ఆనదు.

తాజాదా, కుళ్లినదా?

కంపు కొడితేనే చేపలు వస్తాయని కొందరి నమ్మకం. జెల్లలూ పీతలూ కుళ్లినదానికీ వస్తాయి, కాదనలేం. కానీ కొన్ని చేపల విషయంలో లెక్క తాజాదనం వైపే మొగ్గుతుంది. చేప చచ్చాక దాని కండలోని శక్తి నిల్వ ఏటీపీ మెట్టుమెట్టుగా విరుగుతుంది. ముందు ఐఎంపీ, తర్వాత ఐనోసిన్, ఆ తర్వాత హైపోజాంథిన్ అవుతుంది. 1978లో స్కాట్లండ్‌లోని ఆబర్డీన్‌లో మాకీ, ఆడ్రన్ అనే పరిశోధకులు టర్బట్ అనే సముద్రపు చేపకు తిండి మీద యావ పుట్టించేవి ఏమిటని వెతికారు. ఐనోసిన్, ఐఎంపీలే అని తేలింది. చేపలో ఇవి పుష్కలంగా ఉండేది పాడైపోకముందే.

మార్కెట్లో ముక్కు మూసుకునేలా చేసే నీచు వాసన వేరే కథ. సముద్రపు చేపల కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. బ్యాక్టీరియా దాన్ని విరిచినప్పుడు ఆ కంపు పుడుతుంది. దాంతో పాటే అమైనో ఆమ్లాలనూ బ్యాక్టీరియా తినేస్తూ పోతుంది. మన ఎండల్లో కవళ్లూ కానాగంతలూ ఐసు లేకుండా రెండు మూడు గంటలు ఉంచితే వాటి ఎరతనం అలా కరిగిపోతుంది. ఎరకు కొన్న చేపనూ కూరకు కొన్నదానిలాగే ఐసులో పెట్టాలి.

వదిలీ వదలనట్టు

సరైన సరుకు దొరికిందనుకుందాం. దాన్ని గాలానికి ఎలా నిలపాలి? ముద్ద మరీ మెత్తనైతే నీళ్లలో పడగానే విచ్చిపోతుంది. మరీ గట్టిదైతే లోపలి సరుకు బయటికి రాదు. ఎర చేయడమంటే కరిగేదాన్ని కొంచెం కొంచెంగా, కావలసినంతసేపు వదిలేలా కట్టిపెట్టడం. నైపుణ్యమంతా అక్కడే ఉంది.

రేపల్లె, నగరం, నిజాంపట్నం మండలాల రొయ్యల రైతులకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. మేత గుళిక నీళ్లలో పడ్డాక రొయ్య తినేదాకా విడిపోకూడదు. మందో ప్రోబయాటిక్కో మేతకు పట్టించాలంటే బైండర్ జెల్ కలిపి ఆరబెడతారు. రొయ్యలు తిన్నాయో లేదో చెక్ ట్రే ఎత్తి చూస్తారు. గాలం ముద్దకూ కావలసింది అచ్చం అదే చూపు.

ముద్దను పట్టి ఉంచేది మైదాలోని గ్లూటెన్. ఇంట్లోనే చూడవచ్చు. గుప్పెడు మైదా గట్టిగా కలిపి, అరగంట ఉంచి, కుళాయి కింద పిసుకుతూ కడగండి. తెల్లటి గంజి పోయి చేతిలో సాగే బంకముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. బియ్యప్పిండిలో అది లేదు. అందుకే వట్టి తవుడూ నూకల ముద్ద గాలానికి నిలవదు. అలాంటిదాన్ని చేపల్ని చేరదీయడానికి చుట్టూ చల్లుకోవచ్చు. బియ్యప్పిండే వాడాలంటే ఉడకబెట్టాలి. 70 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో పిండిపదార్థం నీరు పీల్చి ఉబ్బి జిగురవుతుంది.

నూనె జోలికి మాత్రం ఆలోచించి పోవాలి. జంతికల పిండిలో వెన్నో కాచిన నూనో పోస్తే ఎందుకు గుల్లగా వస్తాయో వంటింట్లో అందరికీ తెలుసు. కొవ్వు పిండిరేణువులకు పూతలా పట్టి గ్లూటెన్‌ను అల్లుకోనివ్వదు. ఎరముద్దలోనూ అంతే, పోసినకొద్దీ విరిగిపోతుంది. పైగా నూనె నీటిలో కరగదు, పైకి తేలిపోతుంది. అడుగున తిరిగే చేపకు దాంతో ఒరిగేదేమీ లేదు.

ఉప్పునీటి ముద్ద, ఉప్పుచేప ముక్క

చేపల మార్కెట్లో పావుకిలో రొయ్య తలకాయలు అడగండి. గ్లాసుడు నీళ్లలో పది నిమిషాలు ఉడికించి వడకట్టండి. ఆ నీళ్లు పారబోయొద్దు, కరిగే సరుకంతా వాటిలోనే దిగి ఉంటుంది. తలకాయల్ని ఎండబెట్టి పొడి కొట్టుకోండి. రెండు వంతుల మైదా, ఒక వంతు తవుడు, అరవంతు ఈ పొడి, చెంచాడు ఉప్పు కలిపి, చల్లారిన రొయ్యనీళ్లతో చపాతీ పిండికన్నా కొంచెం గట్టిగా పిసకండి. ఉప్పు గ్లూటెన్‌ను బిగిస్తుంది. తడిగుడ్డ కప్పి అరగంట వదిలేశాక కొంచెం దూది పోగులు తీసి కలపండి. గాలపు ముల్లు మీద ముద్ద జారకుండా అవి పట్టి ఉంచుతాయి. ఇంగ్లండులో కార్ప్ చేపలకు గాలం వేసేవాళ్లు ఇదే పనికి పిండిలో గుడ్డు కలిపి ఉండలుగా ఉడికిస్తారు. గుడ్డు గడ్డకట్టి పైన చర్మంలా ఏర్పడుతుంది.

గట్టుకు పోయేముందు పరీక్ష ఒకటుంది. గాజుగ్లాసులో ఉప్పునీళ్లు పోసి గోళీకాయంత ముద్ద వేయండి. ఇరవై నిమిషాలకు ఆకారం చెడకుండా, చుట్టూ నీరు మాత్రం పలచగా మసకబారితే పాళ్లు కుదిరినట్టు. నీరు తేటగానే ఉంటే తవుడు పెంచాలి, విచ్చిపోతే మైదా పెంచాలి.

ముద్ద కుదరనిచోట చేప ముక్కలున్నాయి. కవళ్లనో కానాగంతలనో వేలెడంత పట్టీలుగా కోసి, రాళ్ల ఉప్పులో దొర్లించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే, ఉప్పు నీటిని లాగేసి కండ గట్టిపడుతుంది. పీతలు పీకినా తొందరగా ఊడదు. ఒక నష్టమూ ఉంది. దిగిన ఆ ఉప్పునీటితో పాటు అమైనో ఆమ్లాలూ కొన్ని బయటికి పోతాయి. అందుకని ఆ ఊటను పారేయకుండా ముద్ద కలపడానికి వాడుకోవాలి. చేతులు కూడా చూసుకోవాలి. 1950లలో కెనడా పరిశోధకులు మనుషుల చేతులూ ఎలుగుబంటి పాదాలూ కడిగిన నీటికి సాల్మన్ చేపలు బెదరడం చూశారు. దానికి కారణం చర్మం మీద ఉండే సెరిన్ అనే అమైనో ఆమ్లమని 1956లో తేల్చారు. మన చేపలన్నీ అలాగే బెదరాలని లేదు గానీ, సబ్బో పెట్రోలో అంటిన చేత్తో ఎర గుచ్చకపోవడం మంచిది.

పోటూ పాటూ

కదలని నీటిలో అమైనో ఆమ్లం తనంతట తాను ఒక్క సెంటీమీటరు పాకడానికి గంటలు పడుతుంది. వాసనను మోసుకుపోయేది ప్రవాహమే. చేప ఆ వాసన అందుకుని ప్రవాహానికి ఎదురీదుతూ దాని మొదలు వెతుకుతుంది. కాబట్టి చేపలుంటాయనుకున్న చోటికి ఎగువన గాలం పడాలి. ఏది ఎగువ అన్నది ఉప్పుటేట్లో రోజుకు నాలుగుసార్లు తిరగబడుతుంది. పాటుకు నీరు తీసేటప్పుడు మడ అడవుల సన్న కాలవల్లోంచి రొయ్యలూ చిరుచేపలూ జారి వస్తుంటాయి. వాటికోసం పెద్ద చేపలు కాలవ మూతి దగ్గర కాపు కాస్తాయి. అమావాస్యకూ పౌర్ణమికీ ఈ లాగుడు ఎక్కువ, అంచేత వాసన దూరం పోతుంది. ముద్ద కూడా అంతే తొందరగా అరిగిపోతుంది, మార్చుకుంటూ ఉండాలి.

పచ్చి రొయ్యతో జాగ్రత్త

చెరువులో చచ్చిన రొయ్య ఊరికే దొరుకుతుంది కదా అని గాలానికి గుచ్చకండి. 1994లో దేశంలోకి వచ్చిన తెల్లమచ్చ వ్యాధి ఆంధ్ర తీరంలో రొయ్యల రైతుల నడుం విరిచింది. ఆ వైరస్ మనుషులకు హాని చేయదు, గడ్డకట్టించినా చావదు. 2016 చివర్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో లోగన్ నది పక్క రొయ్యల చెరువుల్లో ఇదే జబ్బు బయటపడింది. దిగుమతైన పచ్చి రొయ్యలను సరదా వేటగాళ్లు ఎరగా వాడటం మీదికి అనుమానం పోయింది. 2017 జనవరిలో ఆ దేశం పచ్చి రొయ్యల దిగుమతినే కొంతకాలం ఆపేసింది. రేపల్లె వైపు చెరువులకు నీరు తోడుకునేది ఉప్పుటేళ్ల నుంచే. మన ఎర ముక్క ఒకటి ఇంకొకరి పంటకు చేటు కాకూడదు. తలకాయల్ని ఉడికించమన్నది అందుకు కూడా. మిగిలిన పచ్చి ఎర ఏట్లో పారేయకుండా ఇంటికి తెచ్చి పూడ్చేయాలి.

రెండు గాలాల పరీక్ష

ఎర రహస్యాల్లో చిక్కేమిటంటే, చేప పడ్డ రోజున ముద్దను మెచ్చుకుంటాం, పడని రోజున నీటిని తిడతాం. తేల్చుకోవాలంటే ఒకే చోట, ఒకే పోటులో రెండు గాలాలు వేయాలి. ఒకదానికి రొయ్యనీళ్లతో కలిపిన ముద్ద, రెండోదానికి అదే పాళ్లలో మామూలు నీళ్లతో కలిపింది. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. గంటకోసారి గాలాలు తావులు మార్చి, ఏది పడిందో పోటూ పాటూ సమయంతో సహా రాసుకోవాలి. రెండు మూడు నెలల పుస్తకం ఉంటే ఇంగువ వాదాలు వాటంతటవే తీరిపోతాయి. పుస్తకంలో చేపలకన్నా మండపీతల పేరే ఎక్కువ కనిపిస్తే మాత్రం, ముందుగా మైదా పెంచి చూడండి.