చదువుడు వచ్చింది.. సమజయ్యుడు రాలే

పోయిన వానాకాలం ముచ్చట. మా అన్న పత్తి చేన్ల మందు కొట్టొచ్చి, మిగిలిన డబ్బాను అర్రల గూట్లె పెట్టిండు. అన్న బిడ్డ ఏడో తరగతి, మా ఊరి సర్కారు బడిల ఇంగ్లీషు మీడియం. కనిపించిందల్లా చదువుడు ఆమెకు అలవాటు. బస్సు మీది రాతలు, సబ్బు కాగితం, ఏదీ విడువది. ఆ పొద్దు మందు డబ్బా అందుకొని గడగడ చదివింది: "కీప్ అవుట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్."

ఒక్క తప్పు లేదు. మా వదిన మస్తు సంబురపడ్డది. నేను ఊకోక, "అంటే ఏంది బిడ్డా?" అని అడిగిన. జెరసేపు ఆలోచించి, "కీప్ అంటే పెట్టు. చిల్డ్రన్ అంటే పిల్లలు. పిల్లల దగ్గర పెట్టుమని కాకా?" అన్నది.

డబ్బా ఇంకా ఆమె చేతులనే ఉన్నది.

నాకు నవ్వు రాలే. ఎందుకంటే ఆ పొల్లల నాకు నేనే కనిపించిన. పది దాక తెలుగు మీడియం చదివి, ఇంటర్ల ఇంగ్లీషు మీడియంల పడ్డోన్ని నేను. ఒక పరీక్షల 'ఎక్సెప్ట్' అనే ఒక్క మాట తెల్వక, 'ఇది తప్ప మిగిలినయి రాయి' అంటే, తప్పమన్నదే రాసి వచ్చిన. పాఠం మొత్తం నోటికి వచ్చు. ప్రశ్నే సమజ్ కాలే.

అసలు చదువుడు అంటే ఏంది? 1986ల గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక లెక్క లెక్క చెప్పిన్రు. అక్షరాలను చూసి మాటగా పలుకుడు ఒకటి, ఆ భాష అర్థమయ్యుడు ఇంకొకటి. ఈ రెండిటిని గుణిస్తే వచ్చేదే చదువు. కూడిక కాదు, గుణకారం. అంటే ఒకటి సున్నా అయితే రెండోది ఎంత పెద్దగున్నా జవాబు సున్నానే. మా పొల్లకు పలుకుడు వచ్చింది. అర్థం కాడ ఆగిపోయింది.

పలుకుడు కూడ అందరికీ రాలేదు. ప్రథమ్ సంస్థ ఊర్లల్ల ఇల్లిల్లు తిరిగి చేసే అసర్ సర్వే ఉన్నది కదా. 2022 లెక్క ప్రకారం, దేశం మొత్తం మీద పల్లెల్ల అయిదో తరగతి పిల్లలల్ల చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చదివినోళ్లు 24.5 శాతం. ఎనిమిదో తరగతిల 46.7 శాతం. అంటే హైస్కూలుకు పోయినంక కూడ సగానికి ఎక్కువ మంది చిన్న వాక్యం కాడనే తట్టుకుంటున్నరు. 2016ల కూడ లెక్క దాదాపు ఇట్లనే ఉండె.

ఇటు తెలంగాణల 2022–23 నుంచి సర్కారు బడులల్ల 1 నుంచి 8 దాక ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు ఉండే పుస్తకాలు కూడ ఇచ్చిన్రు. అయిదారు తరగతులకు వచ్చేసరికి సైన్సు, సోషల్, లెక్కలు అన్నీ ఇంగ్లీషు మీదనే నడుస్తయ్. చిన్నప్పుడు చదువుడు నేర్చుకుంటం, అయిదు దాటినంక చదివి నేర్చుకుంటం. ఆ మలుపు కాడ ఇంగ్లీషు సమజ్ కాకపోతే పోయేది ఒక్క ఇంగ్లీషు సబ్జెక్టే కాదు. కిడ్నీ ఎట్ల పనిచేస్తదో, వడ్డీ ఎట్ల కట్టాలెనో కూడ పోతది.

మరి మన పిల్లలకు ఎక్కడ కష్టమైతుంది? నాకు మూడు జాగలు కనిపించినయ్.

మొదటిది అక్షరం. తెలుగుల ఎట్ల రాస్తే దాదాపు అట్లనే చదువుతం. ఇంగ్లీషుల అక్షరం పేరు వేరు, దాని సప్పుడు వేరు. 'సి' అనే అక్షరం క్యాట్‌ల 'క' అంటది, సిటీల 'స' అంటది. రఫ్, దో, త్రూ ఈ మూడు మాటల చివర ఓ, యు, జి, హెచ్ అనే నాలుగు అక్షరాలే ఉంటయ్, పలుకుడు మూడు తీర్లు. మనం మాత్రం "సి ఏ టి క్యాట్, క్యాట్ అంటే పిల్లి" అని పాట లెక్క పాడిస్తం. పిల్లలు పాటను గుర్తు పెట్టుకుంటరు, కొత్త మాట వస్తే ఆగిపోతరు. పేరు కాకుండ సప్పుడు నేర్పితే దారి దొరుకుతది. కిట్ చివర ఒక 'ఇ' పెడితే కైట్ అయితది, మ్యాడ్ మేడ్ అయితది, హాప్ హోప్ అయితది. ఇట్లాంటి జతలు ఒక పది చూపిస్తే పదకొండోది పిల్లలే చెప్తరు.

రెండోది వరుస. "కుక్క పిల్లిని తరిమింది" అన్నా, "పిల్లిని కుక్క తరిమింది" అన్నా మనకు ఒక్కటే. ఆ 'ని' ఉన్నది కాబట్టి మాటలు ఎటు జరిపినా ఎవరు ఎవర్ని తరిమిన్రో తెలుస్తది. ఇంగ్లీషుల 'ని' లేదు. "డాగ్ చేజ్డ్ క్యాట్" అన్నదాన్ని తిప్పితే పిల్లే కుక్కను తరుముతది. అక్కడ మాట నిలబడ్డ జాగనే అర్థం. అందుకే మన పిల్లలు "నాకు జరమొచ్చింది" అన్నదాన్ని "టు మీ ఫీవర్ కేమ్" అని రాస్తరు. అది తెలివి తక్కువై రాసింది కాదు, తెలుగు తెలివితోని రాసింది. "మనం నాకు వచ్చింది అంటం, వాళ్లు నా కాడ ఉన్నది అంటరు, అందుకే ఐ హ్యావ్ ఫీవర్" అని ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూపిస్తే సాలు.

మూడోది చిన్న మాటలు. నాట్, అవుట్ ఆఫ్, బిఫోర్, అన్‌టిల్, ఎక్సెప్ట్. పెద్ద మాటలు నేర్పుతం, వీటిని విడిచిపెడ్తం. తెలుగుల ఈ పని మాట తోకల ఉంటది: అందకుండ, రాకముందు, తప్ప. ఇంగ్లీషుల విడిగ, చిన్నగ, ముందల ఉంటది. కన్ను దాని మీదికెల్లి జారిపోతది. మా పొల్లకు కీప్ తెలుసు, చిల్డ్రన్ తెలుసు. నడిమిట్ల ఉన్న 'అవుట్ ఆఫ్ రీచ్' జారింది. అర్థం తలకిందులైంది.

ఇంగ్లీషు మీడియం వద్దంటున్నవా అని అడుగుతరేమో. అంటలేను. పట్నంల పిల్లలకు అందేది మన పిల్లలకు ఎందుకు అందొద్దు? కానీ ఇంగ్లీషు రావాలంటే తెలుగును నోరు మూయించాలె అనే మాట నేను ఒప్పుకోను. ఎదురు పేజీల తెలుగు ఇచ్చింది ఎందుకు? చూసుకునేటందుకే. సార్లను తిట్టి కూడ లాభం లేదు. ఒక్క సారే రెండు మూడు తరగతులు చూసే బడులు మన దగ్గర తక్కువేం లేవు.

అందుకే ఇంట్ల చదువుకున్నోళ్లం మనమే రోజుకు అరగంట కూసోవాలె. నేను చేస్తున్నది ఇది. పిల్లలు ఒక పేరా చదవాలె, తర్వాత పుస్తకం మూసి దాన్ని తెలుగుల చెప్పాలె. మన ఇంటి తెలుగుల చెప్పినా సరే. చెప్పలేకపోతే ఎక్కడ ఆగిందో అక్కడికే పోవాలె. ఆ తర్వాత ఇంట్ల ఉన్న రాత ఏదన్న ఒకటి: యూరియా సంచి, విత్తనాల ప్యాకెట్టు, గోళీల అట్ట, ఫోన్ల రీఛార్జ్ మెసేజ్. చివరికి ఆ రోజు జరిగినదాని మీద రెండు వాక్యాలు సొంతంగ రాయాలె. తప్పులన్నిటికి ఎర్రగీత కొట్టను, రోజుకు ఒక్క తప్పే దిద్దుత. పలుకుడు అనుమానముంటే ఫోన్ల డిక్షనరీ తెరిచి వినిపిస్త. నాకు తెల్వని మాట వస్తే "నాకు తెల్వదు, చూద్దాం పా" అంట. ఆ మాట విన్నంకనే పొల్లకు సిగ్గు పోయింది.

ఆ నాత్రి డబ్బా పక్కకు పెట్టి, ఆమె చెయ్యి పైకి లేపుమన్న. "గూడు అందుతుందా?" అందింది. "ఇది రీచ్. సజ్జ అందుతుందా?" ఎగిరినా అందలే. "ఇది అవుట్ ఆఫ్ రీచ్." మల్ల డబ్బా మీది రాత ఇంకోసారి చదివింది. ఈసారి మెల్లగ చదివింది. చదివి, వాళ్ల నాయన దిక్కు చూసి, "బాపూ, దీన్ని సజ్జ మీద పెట్టు. తమ్మునికి గూడు అందుతది" అన్నది.

మా అన్న లేచి పెట్టిండు.