పుండు మానిపోతే జబ్బు పోయినట్టేనా?

మర్మాంగం దగ్గర పుండు లేస్తే చాలామంది ముందు వెళ్లేది మెడికల్ షాపుకే. ‘దురదకు’ అని చెప్పి ఓ క్రీము తెచ్చుకుంటారు. అలా అమ్మే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం అలాగే ఉంటుంది. పైగా దవాఖానాకు వెళ్లేసరికి పుండు రూపం మారిపోయి, డాక్టర్‌కు పోల్చుకోవడం కష్టమవుతుంది.

అన్నిటికన్నా మోసం చేసేది సిఫిలిస్. ఎక్కువగా ఒకటే పుండు, గట్టిగా ఉంటుంది, నొప్పి ఉండదు. ఏ మందూ వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. పేరు మాత్రం రాసిన క్రీముకు వస్తుంది! క్రిమి అప్పటికే రక్తంలో చేరి ఉంటుంది. ఏళ్లు గడిచాక గుండెను, మెదడును దెబ్బతీయొచ్చు. దీనికి మందు ఇప్పటికీ పాత పెన్సిలినే. తొలి దశలో బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి ఇంజెక్షన్ చేస్తే సరిపోతుంది. అది పడనివారికి డాక్సీసైక్లిన్ ఇస్తారు, కానీ గర్భిణులకు ఇవ్వరు. తల్లికి సిఫిలిస్ ఉండి వైద్యం అందకపోతే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం ఉంది. అందుకే గర్భం అని తెలియగానే చేసే రక్తపరీక్షల్లో ఇది కూడా ఉందా అని అడగాలి.

చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, చిట్లి, మంట పెడితే అది హెర్పిస్ కావచ్చు. ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు, వారం రోజులు రాస్తారు. వైరస్ మాత్రం నరాల్లో ఉండిపోతుంది, మళ్లీ మళ్లీ రావచ్చు. ఇంకో మాట. ఇది ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు. ఇవాళ కనిపించింది కదా అని భార్య భర్తనో, భర్త భార్యనో నిలదీయడం తప్పు.

అసలు ప్రతి పుండూ సుఖవ్యాధి కాదు. కొందరికి ఫలానా నొప్పి మాత్రో, యాంటీబయాటిక్‌నో వేసుకున్న ప్రతిసారీ అదే చోట పుండు లేచి నల్లమచ్చ మిగులుతుంది. అది మాత్ర పడకపోవడం. ఆ మాత్ర మానేయడమే ముఖ్యమైన వైద్యం. వేసుకున్న మాత్రల పేర్లు డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఈ మందులు ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. హెర్పిస్ కాని పుండుకు తెల్ల కిట్టు, పెన్సిలిన్ పడనివారికి నీలం, హెర్పిస్‌కు ఎర్ర కిట్టు ఇస్తారు. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించుకోవాలి. సుఖవ్యాధి అని తేలితే భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి, ఒక్కరే మందు వాడితే మళ్లీ అంటుకుంటుంది. పుండు పూర్తిగా మానేదాకా దూరంగా ఉండాలి. సిఫిలిస్ అయితే ఆరు నెలలకు, ఏడాదికి రక్తపరీక్ష మళ్లీ చేయించుకోవాలి.