ప్రతిరూపచిత్రములందు వర్ణప్రయోజనము

చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దియందు రచించిన మానసోల్లాసము, అద్దములోని నీడవలె పోలికను జూపు చిత్రమును విద్ధచిత్రమనియు, చూచినంతనే శృంగారాదిరసములను దోపజేయు దానిని భావచిత్రమనియు వ్యవహరించినది. ఆధునిక ప్రతిరూపచిత్రములందలి రంగులను విమర్శించుట కీ విభాగము మిక్కిలి యుపకరించును.

పోలికయే ప్రమాణమనుకొన్నను మేనిచాయ యొక్కటిగా నిలువదు. కృష్ణపట్నపు తీరమున నెండలో నిలిచిన జాలరి ముఖమును జూడుడు. వెలుగు సోకిన చెంప రాగివలె మెరయును. నీడనున్న చెంపపై నాకాశపు నీలిమ తోచును. ఉన్న నీలిమను చిత్రించుట విద్ధచిత్రమే.

లేని రంగును వేయుట వేరు. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాతిస్ 1905లో తన భార్య ముఖమును చిత్రించుచు, నుదుటినుండి చుబుకమువరకు నాకుపచ్చని పట్టె దీర్చెను. అట్టి పచ్చదనము చర్మమున లేదు. ఒకవైపు పసుపుచాయను, వేరొకవైపు గులాబిచాయను విడదీసి, ముక్కుయొక్క యెత్తును, ముఖగాంభీర్యమును నిలుపునది యా పట్టెయే.

భరతుడు రౌద్రమునకు రక్తవర్ణమును, అద్భుతమునకు పీతవర్ణమును నియమించెను. అది సంకేతము. మాతిస్ పచ్చకు నియతార్థము లేదు. పొరుగువర్ణములతోడి సంబంధమే దాని కర్థము. అక్షరమునకును రంగునకును వర్ణమనియే గదా పేరు! ఒంటి యక్షరమున లేని యర్థము పదమున గలుగునట్లే యిదియు.

మన దేశమున నిందులకు తోట వైకుంఠము చిత్రములు చక్కని యుదాహరణములు. ఈయన 1942లో నాటి కరీంనగరు జిల్లాలోని బూరుగుపల్లెయందు జన్మించి, బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ కడ నభ్యసించెను. ఈయన చిత్రించిన తెలంగాణ స్త్రీలు వ్యక్తులకంటె గ్రామీణజాతిరూపములు; అయినను వర్ణవిషయమున ప్రతిరూపచిత్రములకు సన్నిహితములు. మిశ్రవర్ణములను మానుకొని, కుంకుమయెరుపును పసుపుచాయను ముదురు మేనిరంగు చెంత నిలిపినాడు. ఇచ్చట నెరుపు రౌద్రము గాదు. తన ప్రక్కనున్న నల్లని చాయకు నిండుదనమును గౌరవమును దెచ్చునది.

ఉపాధ్యాయులకు దీనివలన నొక కర్తవ్యము గలదు. బాలుడు ముఖమునకు నీలిరంగు పూసినచో, తప్పని దిద్దుటకు ముందు, అది తక్కిన రంగులతో గూడి యేమి చెప్పుచున్నదో పరికింపవలెను. ఏమియు జెప్పనిచో నది దోషమే. కాని లేతగులాబిని మాత్రమే మేనిచాయయని నేర్పుట యంతకంటె పెద్ద దోషము. అది తీరమునందలి జాలరిబిడ్డలకు వారి ముఖమే తప్పని చెప్పుటయగును.