పంచె కట్టుకుంటే ఫంక్షన్‌కి రాకూడదా?

మొన్న జి.కె. పుస్తకంలో స్కాట్లాండ్ మగవాళ్ళ ఫోటో చూసి "గౌను వేసుకున్నారే" అని మనమందరం నవ్వాము. నేనూ నవ్వాను. తర్వాత దాని గురించి చదివాను.

ఆ బట్ట పేరు కిల్టు. గళ్ళ ఉన్ని బట్ట. పెద్ద కిల్టుకు 8 గజాలు పడుతుంది. ముందు చదునుగా ఉంటుంది, వెనక కుచ్చిళ్ళు ఉంటాయి. మామూలు రోజు దాని మీద స్వెట్టరు వేసుకుంటారు. పగటి పెళ్ళికైతే ఉన్ని కోటు, తోలు సంచి. రాత్రి విందుకు నల్ల కోటు, బో టై, వెండి పట్టీ ఉన్న సంచి, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. కిల్టుకు జేబులు ఉండవు కాబట్టి నడుము ముందు ఆ సంచి. కిల్టు మాత్రం అదే! దాంతో పాటు వేసుకునేవి మారితే పెద్ద డ్రెస్సు అయిపోతుంది.

ఇంకో సంగతి. అక్కడివాళ్ళు రాజు మీద తిరగబడ్డారని 1746లో వాళ్ళ బట్టలనే చట్టం చేసి నిషేధించారు. వేసుకుంటే 6 నెలలు జైలు. 1782లో ఆ చట్టం తీసేశారు. 1822లో ఎడిన్‌బరోకు వచ్చిన రాజు నాలుగో జార్జి తనే కిల్టు వేసుకున్నాడు! బట్ట మారలేదు, చూసేవాళ్ళ కళ్ళు మారాయి.

మన పంచె కూడా అంతే కదా. పొలంలో మోకాళ్ళ పైకి ఎగ్గడితే పని బట్ట. ఉతికిన తెల్ల పంచెను కుచ్చిళ్ళు పోసి, గోచి పెట్టి, మడమల దాకా కట్టి, లాల్చీ వేసి భుజం మీద కండువా వేస్తే పెద్ద డ్రెస్సు. పి.వి. నరసింహారావు గారు ప్రధానమంత్రిగా ఉండి అలాగే పార్లమెంటుకు వెళ్ళారు. మా ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్ళు తెల్ల పంచె, తెల్ల తలపాగాతో వస్తారు. దేవుని ముందు అదే పెద్ద డ్రెస్సు.

కానీ 2014లో చెన్నైలో పంచె కట్టుకున్నారని ఒక హైకోర్టు జడ్జి గారినే ఒక క్లబ్బులోకి రానివ్వలేదు. జడ్జి గారికే అట్లయితే మనవాళ్ళ సంగతేంటి? అదే ఏడాది తమిళనాడులో చట్టం వచ్చింది. పంచె కట్టుకున్నారని ఆపితే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మన వార్షికోత్సవానికి ప్యాంటు వేసుకుని రమ్మని మా బాపుకి ఫోన్‌లో చెప్పాను. మీరు నవ్వుతారని భయం. బాపు "సరే బిడ్డా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరి ముందు బాపుని దాచాలనుకున్నాను? మర్నాడు వార్డెన్ మేడమ్ గారిని అడిగి మళ్ళీ ఫోన్ చేశాను. "బాపూ, పంచెతోనే రా, తలపాగా కూడా కట్టుకో" అన్నాను. బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పక్కింట్లో ప్యాంటు అడిగి తెచ్చిన, తిరిగి ఇచ్చేస్త" అన్నాడు.

మా బాపు వస్తాడు. మీ వాళ్ళని కూడా వాళ్ళ బట్టల్లోనే రమ్మనండి. ముందు వరసలో కూర్చోబెడదాం.

— 9వ తరగతి విద్యార్థిని