తీగ మీద జారిన గొట్టం

జి.కొండూరులో ఫిజిక్స్ చెబుతాను. మొన్న ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు: "సార్, మా తాతకు డయాలసిస్ కోసం మెడలో పైపు వేశారు. రక్తం గాలి తగిలితేనే గడ్డకడుతుంది కదా, లోపలున్న పైపు చుట్టూ ఎందుకు కట్టింది?" మా జిల్లాలోనే ఉన్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్లను పట్టుకుంది. ఆ పైపు మా పిల్లలకు తెలిసిన వస్తువే.

దాని కథలో నాకు ఇష్టమైనది ఒక తీగ. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ తన మోచేతి సిరలోంచి గుండె దాకా 65 సెంటీమీటర్ల గొట్టం తోసుకుని, మెట్లు దిగి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1956లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1953లో స్వీడన్ రేడియాలజిస్టు స్వెన్ ఇవార్ సెల్డింగర్ చేసిన పనికి రాలేదు. నన్నడిగితే సెల్డింగర్‌కే ఎక్కువ మార్కులు వేస్తాను.

అంతకుముందు గొట్టాన్ని సూది లోపలి నుంచే దూర్చేవారు. సూది తీశాక గొట్టం కన్నా పెద్ద కంత మిగిలి రక్తం కారేది. సెల్డింగర్ సన్న సూది గుచ్చి, అందులోంచి తీగ పంపి, సూది లాగేశాడు. దారానికి పూస ఎక్కించినట్టు గొట్టాన్ని తీగ మీద జార్చి, చివరికి తీగనూ తీసేశాడు. ఇక గొట్టం సూది కన్నా లావుగా ఉండొచ్చు! డయాలసిస్ యంత్రానికి నిమిషానికి 250, 300 మిల్లీలీటర్ల రక్తం కావాలి. అందుకే ఇంచుమించు 4 మిల్లీమీటర్ల లావు గొట్టం వేస్తారు.

చిక్కు అక్కడే ఉంది. మేస్త్రీలు మట్టం చూసే పైపు తెచ్చి, సిరలో గొట్టం ఉన్నట్టుగా అందులో సన్న కర్ర దూర్చి పిల్లలతో నీళ్లు పోయించాను. చెంబు నిండడానికి పట్టే సమయం బాగా పెరిగింది. లెక్క కట్టి చూపిస్తే వాళ్లు నమ్మలేదు: పైపు వెడల్పులో సగం లావున్న కర్ర సరిగ్గా నడుమ ఉంటే, మూసుకునే చోటు నాలుగో వంతే. కానీ నెమ్మదిగా సాగే ప్రవాహం అదే ఒత్తిడికి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కర్ర మూడో వంతు లావైనా మిగిలేది పావు వంతే. ఎందుకంటే అంచున ద్రవం కదలదు, వేగమంతా నడుమే ఉంటుంది. ఆ నడుమ చోటునే కర్ర ఆక్రమించింది. సిర సాగుతుంది, గొట్టం ఓ పక్కకు ఒరుగుతుంది కనుక ఒంట్లో అంత ఘోరం ఉండదు. అయినా రక్తం మందగిస్తుంది. వెలగలేరు దగ్గర బుడమేరులో నీళ్లు ఆగిన చోటే గుర్రపుడెక్క పేరుకున్నట్టు, మందగించిన చోటే గడ్డ మొదలవుతుంది. దానికి తోడు సిర గోడకు గాయం, రక్తానికి కొత్తదైన ప్లాస్టిక్. గొట్టం దిగిన కాసేపటికే ప్రొటీన్లు దానికి పొరలా అంటుకుంటాయి. గాలితో పనే లేదు.

అందుకే డాక్టర్లు మెడకు కుడివైపున్న వెడల్పాటి సిరను ముందు చూస్తారు. గొట్టం కొసను గుండె వాకిట, రక్తం ఉరవడిగా పోయే చోట ఉంచుతారు. కాలరెముక కింది సిర ఇరుకైతే ఆ చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపి కుట్టడం) వేసే దారి పోతుంది కనుక డయాలసిస్ రోగుల్లో దాన్ని వీలైనంత వరకు ముట్టుకోరు. తర్వాత సిలికోన్ గొట్టాలు వచ్చాయి, సిరను చూస్తూ గుచ్చే అల్ట్రాసౌండ్ వచ్చింది, గొట్టంలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు నింపి ఉంచే పద్ధతీ వచ్చింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పైపు ఉంటే, అటువైపు చెయ్యి గానీ మెడ, మొహం గానీ ఉబ్బితే ఆ రోజే డాక్టరుకు చూపించండి. పైపును మీరు లాగొద్దు. ఉన్నట్టుండి ఆయాసం వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.